పుట్టుక తెలియని పైపు

ఆగు పాపా, ఆగు. ఆ కొళాయి ముక్కను మంటలో వెయ్యొద్దు. ఇట్లా తే. భోగి మంటకి పాత చాప వెయ్యి, చిల్లిపడిన తట్ట వెయ్యి, కొబ్బరి మట్టలు ఎన్నైనా వెయ్యి. ఈ ముక్క మాత్రం వద్దు. ఇది పీవీసీ. దీని బరువులో సగానికి పైగా క్లోరినే. మంట తగిలితే అది యాసిడ్ పొగ అయి లేస్తుంది. కళ్ళు మండుతాయి, ఊపిరి పట్టేస్తుంది. మీ అవ్వకి ముందే ఉబ్బసం.

ఇంతకీ ఇది యాడిది? అంచు ఇంకా తెల్లగా ఉండాది, రంపం పొట్టు కూడా రాలలేదు. నిన్న కోసిన ముక్క ఇది. ఏరా చిన్నోడా, తల దించుకుంటావేం? కంప్రెసర్ షెడ్డు నుంచి బయటికి గాలి లైను లాగినావా, దీంతోనేనా? ట్రాక్టర్ టైర్లకి గాలి పట్టేదానికా? ఎన్ని కిలోల మీద నడుస్తుంది ఆ కంప్రెసర్? ఎనిమిదా. సరే. ఇప్పుడు ఎవరూ షెడ్డు దిక్కు పోవద్దు. తెల్లారనీ, నేనే వస్తా. నువ్వు నా పక్కన కూర్చో. కోప్పడనులే. నీ వయసులో నేను చేసిన తప్పు దీనికంటే పెద్దది. పెద్దోడా, నువ్వు కూడా ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా జరుగు. రాత్రి అన్నం కాడ నువ్వు నన్ను అడిగిన మాటకి జవాబు కూడా దీంట్లోనే ఉండాది.

చలి ఎట్లుండాదో చూడండి. సేర్వరాయన్ కొండ మీది మంచు నేరుగా మన పళ్లిపట్టి మీదికే దిగుతుంది. నా చిన్నప్పుడు ఈ పొద్దుటికి మంజవాడి కనుమలో ఎద్దుల బండ్లు ఆపుకుని, నెగడు వేసుకుని కూర్చునేవాళ్ళు. కనుమ దాటితే సేలం, ఇట్లా పోతే అరూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అప్పుడూ అంతే. ఊరంతా బావి సేద్యం. మా నాయన కపిల తోలేవాడు. తోలు బాన బావిలోకి దిగి నిండి పైకొచ్చి కాలవలో కక్కేది. నీళ్ళని మోయడం తప్ప, నీళ్ళకి వత్తిడి అనేది ఒకటుంటుందని మాకు తెలియదు. గొట్టం పగిలి మనిషి చస్తాడంటే నమ్మేవాళ్ళం కాదు.

తర్వాత బావులు ఇంకినాయి, బోర్లు దిగినాయి. సేలం, నామక్కల్, మన ధర్మపురి దిక్కు శానా బోర్లలో నీళ్ళు తక్కువ, లోతు ఎక్కువ. మోటారు దింపితే ఆనదు. అందుకని కంప్రెసర్ పెట్టినారు. సన్న గొట్టంలో గాలిని అడుక్కి పంపితే బుడగలు నీళ్ళలో కలుస్తాయి, ఆ కలిసిన నీళ్ళు తేలికై ఎగదన్నుకొని పైకొస్తాయి. పూట పూటకీ ఆ కంప్రెసర్ల చప్పుడు వింటా పెరిగిన పిల్లలు మీరు. కాబట్టి గాలి అంటే మీకి భయం లేదు. బోరులోకి పోయే ఆ నల్ల గొట్టం ఉండాదే, అది హెచ్‌డీపీఈ. వత్తిడి ఎక్కువైతే అది సాగి చినుగుతుంది. ఈ తెల్ల పీవీసీ అట్లా సాగదు. గాజులాగా పగులుతుంది. నీళ్ళకైతే సరే. నీళ్ళని నొక్కలేం, పైపు చీలిన వెంటనే వత్తిడి పడిపోతుంది, నాలుగు చుక్కలు చిమ్మి ఊరుకుంటుంది. గాలిని నొక్కితే అది స్ప్రింగులాగా బలమంతా దాచుకుంటుంది. పైపు పగిలిన క్షణంలో ఆ బలమంతా పెంకుల మీదికి పోతుంది, ఆ పెంకులు మనిషి మీదికి పోతాయి. పైపు మీద 10 కిలోలు అని అచ్చు వేసుంటారు, అది చూసి నువ్వు ధైర్యం చేసినావు. ఆ లెక్క 27 డిగ్రీల వేడిలో, నీళ్ళకి కట్టిన లెక్క. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి చెయ్యి పెట్టలేనంత వేడి. పైన చిత్తిర ఎండ. ఎండకి ఆ ప్లాస్టిక్ ఏడాదికేడాది పెళుసవుతుంది. ఈ రోజు పగలదు, రేపు పగలదు. ఏ రోజు పగులుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంగ నా సంగతి చెప్తా.

1970లో సేలంలో ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరమ్మ శంకుస్థాపన చేసిందని ఊరంతా ఒకటే మాట. ఫ్యాక్టరీ నడిచేదానికి ఇంకా పదేండ్ల పైనే పట్టింది కానీ, ఆ మాట విని మాలాంటి కుర్రోళ్ళు శానామంది కొడవలి పక్కన పెట్టి స్పానరు పట్టినారు. నేను ఫిట్టరు పని నేర్చుకున్నా. తిరుచ్చి బాయిలర్ల ఫ్యాక్టరీ చుట్టూ చిన్న వర్క్‌షాపులు పుట్టగొడుగుల్లా లేచిన కాలం అది. ఆడ ఒక మేస్త్రీ కింద రెండేండ్లు హెల్పరుగా ఉన్నా. ఇనుమును చెవితోనూ కంటితోనూ గుర్తుపట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నా. సుత్తితో కొడితే పోత ఇనుము మొద్దుగా పలుకుతుంది, ఉక్కు గంటలాగా పలుకుతుంది. సానరాయి మీద పెడితే మెత్తని ఉక్కు నిప్పురవ్వలు పొడుగ్గా పోయి కొసన చీలతాయి. కార్బన్ పెరిగే కొద్దీ ఆ చీలికలు గుబురుగా పూలు పూస్తాయి. స్టెయిన్‌లెస్ రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. అయస్కాంతం దాంట్లో శానా రకాలకి సరిగ్గా అంటుకోదు. నీళ్ళ పైపుల మీద రంగు పట్టీలు కూడా ఆయనే చూపించినాడు. పసుపు పట్టీ అంటే పల్చన, నీలం అంటే మధ్యరకం, ఎరుపు అంటే మందం. ఐఎస్ 1239 అనే స్టాండర్డులో ఇప్పటికీ అదే.

ఇవన్నీ తెలిసినాక నాకు అన్నీ తెలుసు అనిపించింది. నా వయసు అప్పుడు 24.

ఆ ఏడు వరి కోతల ముందు ఒక రైస్ మిల్లులో పని దొరికింది. ఊరూ పేరూ చెప్పను. ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఎండబెట్టి ఆడిస్తారు. ఊక కాల్చే బాయిలర్, 7 కిలోల ఆవిరి. కొత్తగా రెండు తొట్లు కట్టినారు, వాటిదాకా మూడంగుళాల ఆవిరి లైను పొడిగించాల. కోతలు నెత్తి మీదికొచ్చినాయి. ఓనరు, మేనేజరు అందరిదీ ఒకటే తొందర. అతుకు లేని సీమ్‌లెస్ పైపు కావాలంటే మద్రాసు నుంచి రావాల, మూడు వారాలు పడుతుంది. మేనేజరు పాత ఇనప సామాన్ల అంగడికి మనిషిని పంపి ఆరు పొడుగులు తెప్పించినాడు. ఎర్ర పట్టీ ఉంది, గోడ మందంగా ఉంది, తుప్పు పైపైనే ఉంది. అందరూ బాగుందన్నారు.

కొస కోసినాక నేను లోపల వేలు పెట్టి తడిమినాను. పొడుగునా సన్నగా ఒక గీత తగిలింది. అతుకు గీత. అంటే అది రేకు చుట్టి అతికిన పైపు. యాడో నీళ్ళ లైనులో ఏండ్లు పనిచేసి వచ్చింది. ఆ గీత పక్కన సన్నగా కాలవ పడినట్టు తుప్పు తినేసి ఉంది. వేలికి తెలిసింది నాకు. నేను నోరు విప్పలేదు. పని పోతుందని ఒక భయం. గోడ మందంగా ఉందిగదా, ఆనుతుందిలే అని ఒక సర్దుబాటు. ఆ సర్దుబాటు మాటే ఇప్పటికీ నన్ను నిద్ర లేపుతుంది.

లైను వేసినాం. నీళ్ళ పరీక్ష చేద్దామన్నాడు నా జతగాడు, వెల్డరు. టైం లేదన్నారు. ఆవిరి వదిలినారు. పది రోజులు నడిచింది. పదకొండో రోజు తెల్లారుజామున బాయిలర్ వాల్వు కొంచెం గట్టిగా తెరిచినారు. చీర చించిన చప్పుడు వినిపించింది నాకు. అంతే, పైపు పొడుగునా ఆ అతుకు మీదనే నోరు తెరుచుకుంది. 7 కిలోల ఆవిరి అంటే 170 డిగ్రీల వేడి. తెల్లగా కనిపించే పొగ అసలు ఆవిరి కాదు, చల్లబడి నీటి తుంపరగా మారినది. అసలు ఆవిరి కంటికి కనపడదు. మా జతగాడు తెల్ల పొగకు దూరంగానే నిలబడి ఉన్నాడు పాపం, కనపడని చోటే వాడిని పట్టుకుంది. ఎడమ చెయ్యి, మెడ, వీపు. బతికినాడు. ఆ చెయ్యి మళ్ళీ టార్చి పట్టలేదు. వాడి పెండ్లి కుదిరి ఉండె. అది తప్పిపోయింది. నేను ఆస్పత్రిలో వాడి మంచం పక్కన 19 రోజులు ఉన్నా. నాకు గీత తగిలిందని వాడికి చెప్పలేకపోయినా. తర్వాత ఎన్నో ఏండ్లకి చెప్పినా. వాడు వినేసి, చెప్పుంటే బాగుండేది గదరా అని ఒక్క మాట అన్నాడు.

బాయిలర్ ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. తెల్ల చొక్కా, చేతిలో చిన్న సుత్తి. చీలిన పైపును ఎండలోకి తెప్పించి చాలాసేపు చూసినాడు. అరవలేదు. దీని కాగితం ఏది అని అడిగినాడు. ఏ కంపెనీ పోసింది, ఏ కొలిమిది, హీటు నంబరు ఎంత, పరీక్షించిందెవరు? ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. మనిషి పుట్టుక అడగడం తప్పు కానీ పైపు పుట్టుక అడగకపోవడం తప్పు అన్నాడు. ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది.

ఆయనే ఊక బూడిద మీద పుల్లతో గీసి నాకు లెక్క చూపించినాడు. మీరూ చూడండి, ఇది కష్టం కాదు. లోపల 10 సెంటీమీటర్ల అడ్డం ఉండే పైపు అనుకో. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల వత్తిడి. పైపులో ఒక్క సెంటీమీటరు పొడుగు ముక్కను తీసుకో. 10 ఇంటూ 10, 100 కిలోల బలం ఆ ముక్కను నిలువునా రెండు చెక్కలు చెయ్యాలని లాగుతుంటుంది. దాన్ని పట్టుకునేది రెండు పక్కల గోడలు, చెరి 50 కిలోలు. పైపు అడ్డం రెండింతలు చేస్తే లాగుడు రెండింతలు. పైపు అడ్డంగా తెగడానికి కావలసిన వత్తిడిలో సగం చాలు, నిలువునా చీలడానికి. అందుకే వత్తిడికి పైపులు ఎక్కువగా పొడుగునా చీలతాయి. నిలువు అతుకు ఉండే పైపుకు ఆ బరువంతా అతుకే మోయాల. మేము మందం చూసినాం. బలం ఉండాల్సింది అతుకులో.

కాగితం అడగడం ఆయన సొంత పట్టుదల కాదని తర్వాత తెలిసింది. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు పోతే, మర్సటేడే బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం చేసినారు. ఆ తర్వాత దేశమంతటికీ 1923లో ఇండియన్ బాయిలర్ల చట్టం, దాని కింద 1950లో రెగ్యులేషన్లు. ఐబీఆర్ పైపు, ఐబీఆర్ వాల్వు అంటారే, ఆ ఐబీఆర్ ఇదే. మూడున్నర కిలోల వత్తిడి దాటితే ఆవిరి పైపు బాయిలర్ల చట్టం కిందికి వస్తుంది. పైపుతో పాటు ఫారం 3-ఏ రావాల, వాల్వులతో ఫారం 3-సీ రావాల. వెల్డరు పరీక్ష పాసై ఉండాల. 2025లో పార్లమెంటు ఆ 1923 చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. 1923కి ముందే, 1905లో అమెరికాలో బ్రాక్‌టన్ అనే ఊళ్ళో చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది పోయినారు. ఆ దెబ్బతోనే ఆ దేశపు ఇంజనీర్ల సంఘం బాయిలర్లకి కోడు రాసింది, తర్వాత 1935లో పైపులకి రాసింది. పెద్దోడా, నువ్వు రోజూ తిరగేసే ఏఎస్ఎంఈ పుస్తకం అట్లా పుట్టిందే. దాంట్లో ప్రతి వాక్యం వెనకాల నా జతగాడి లాంటోడు ఒకడు ఉంటాడని నాకు అనిపిస్తుంది.

ఆ మిల్లు తర్వాత నేను ఈడ ఉండలేకపోయినా. విశాఖకు పోయినా, కాంట్రాక్టరు కింద రిఫైనరీ షట్‌డౌన్ పనులకి. మన తెలుగు విని ఆడోళ్ళు మొదట్లో వింతగా చూసేవాళ్ళు, ఏ దేశం నీది అని అడిగేవాళ్ళు. ధర్మపురి అంటే గోదావరి ఒడ్డు ధర్మపురి అనుకునేవాళ్ళు. ఆడ నాకు చదువు చెప్పింది ఒక ఇంజనీరు. పొద్దున పని మొదలుకాక ముందు పది నిమిషాలు అందరినీ నిలబెట్టి ఒక ప్రమాదం కథ చెప్పేవాడు. కథ అయినాక, మీరు అక్కడుంటే ఏం చేసేవాళ్ళు అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. నేను మిల్లు సంగతి ఆయనకి చెప్పినా. ఆయన కోడు పుస్తకం తీసి, ఇంగ్లీషులో ఉండేదాన్ని నాకు తెలుగులో విడదీసి చెప్పినాడు.

సరుకు మూడు రకాలన్నాడు. మొదటిది, కోడు పట్టికలో పేరున్న సరుకు. ఏ106 గ్రేడ్ బీ లాంటిది. ఎంత వేడిలో ఎంత బలానికి వాడుకోవచ్చో పట్టికలోనే ఉంటుంది, వాడుకో. రెండోది, పట్టికలో పేరు లేదు గానీ పుట్టుక తెలిసిన సరుకు. వేరే దేశం వాళ్ళ స్టాండర్డు ఉంటుంది. దాంట్లో ఏమేం లోహాలు కలిపినారు, ఎట్లా చేసినారు, ఎట్లా వేడి పట్టినారు, ఎంత లాగితే తెగుతుంది, అన్నీ అచ్చులో ఉంటాయి. దాన్ని వాడొద్దని కోడు చెప్పదు. బలం లెక్క నువ్వే కోడు పద్ధతిలో కట్టుకో, పని చేయించుకునే ఓనరు ఇంజనీరు ఒప్పుకోవాల, అంటుంది. మూడోది ఏమని తెలియని సరుకు. దానికి ఆ కోడులో, బీ 31.3లో, ఒక్కటే మాట: వత్తిడి ఉండే చోట వాడకూడదు. పాత సామాను కూడా వాడొచ్చు, అది ఏ స్టాండర్డుదో ఖాయంగా తేలి, అరుగుదల కొలిచి, లోపాలు లేవని చూసినాక. మా మిల్లు పైపు రెండో రకం అయ్యుండొచ్చు, మొదటి రకం కూడా అయ్యుండొచ్చు. మేము అడగలేదు కాబట్టి అది మూడో రకం అయింది.

ఆ రెండో రకం గురించి నాకు గౌరవమే. కొత్త సరుకు వాడకపోతే లోకం ముందుకు పోదు గదా. ఈ నేల సంగతే చూడండి. మన బారామహల్ అంతా 1792 దాకా హైదరు, టిప్పుల చేతిలో ఉండె. ఆ ఏడు శ్రీరంగపట్నం సంధి అయినాకే కుంఫిణీకి పోయింది. హైదరు, టిప్పుల సిపాయిలు వేసే తారాజువ్వల్లో మందు కూరే గొట్టాన్ని ఇనుముతో చేసినారు. అప్పుడు తెల్లోళ్ళ దేశాల్లో అట్టతో చేసేవాళ్ళు. ఇనప గొట్టం లోపలి వత్తిడికి ఆగుతుంది, అందుకని జువ్వ ఎక్కువ దూరం పోయింది. 1780లో పొల్లిలూరు యుద్ధంలో ఆ జువ్వలు చూసి కుంఫిణీ సైన్యం బిత్తరపోయింది. ఆ తర్వాత ఇంగ్లీషోళ్ళు వాటిని లండన్‌కి తీసుకుపోయి, విప్పి చూసి, తమ జువ్వలు చేసుకున్నారు. మెత్తని ఇనుము ఎట్లా సాగుతుందో, ఎంత మందం రేకు చుట్టాలో ఈ దిక్కు కమ్మరోళ్ళ చేతికి తెలుసు. వాళ్ళకి తమ ఇనుము పుట్టుక తెలుసు. ఏ కొండ రాయి కరిగించినారో, ఎవడు కొలిమి ఊదినాడో తెలుసు.

పెద్దోడా, రాత్రి నువ్వడిగింది ఇదే గదా. మీ పనిలో ఏ106 పైపు దొరక్క, సప్లయరు యూరప్ రకం, పీ235జీహెచ్ ఇస్తానన్నాడు, నీ పుస్తకం పట్టికలో ఆ పేరు కనపడలేదు, మీ పైవాడు రెండూ ఒకటే, వేసెయ్ అన్నాడు. ఒకటే కాదు నాయనా. ఏ106 గ్రేడ్ బీ తెగడానికి కనీసం 415 మెగాపాస్కల్ లాగుడు కావాల. పీ235జీహెచ్‌కి కనీసం 360. కోడు దాంట్లో మూడో వంతే తీసుకోమంటుంది. ఒకదానికి 138, ఒకదానికి 120. అంటే అదే వత్తిడికి గోడ ఆ మేరకు మందం కావాల. వాడొచ్చు. మంచి పైపే అది. మందం మళ్ళీ లెక్క కట్టి, వేడికి ఎంత తగ్గించాలో చూసి, కాగితం మీద పెట్టి, ఓనరు ఇంజనీరు సంతకం తీసుకుని వాడు. ఆవిరి లైను అయితే బాయిలర్ల డిపార్టుమెంటు ఒప్పుకోవాల. రెండు రోజులు ఆలస్యమవుతుంది. కానియ్.

విశాఖలో ఆ ఇంజనీరు చెప్పిన కథల్లో నేను మరిచిపోలేనిది ఇంగ్లండులో ఫ్లిక్స్‌బరో అనే ఊరిది. నైలాన్‌కి కావలసిన ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ. ఆరు పెద్ద రియాక్టర్లు వరసగా, మెట్లు మెట్లుగా. లోపల సైక్లోహెక్సేన్, పెట్రోలు లాంటిది, 155 డిగ్రీల వేడిలో, దగ్గర దగ్గర 9 కిలోల వత్తిడిలో. 1974 మార్చిలో ఐదో రియాక్టరుకు చీలిక కనపడింది. దాన్ని తీసేసి, నాలుగు నుంచి ఆరుకి 20 అంగుళాల పైపు కలిపినారు. రెండు కొసల్లో రంధ్రాలు 28 అంగుళాలవి, ఎత్తులు వేరు. అందుకని కుక్క కాలు లాగా రెండు వంపులు తిప్పి, ఇరుపక్కలా ముడతల బెల్లోస్ పెట్టి, కింద సారువ కర్రల్లాంటి ఇనప కడ్డీల మీద ఆనించినారు. దానికి వేసిన డ్రాయింగు ఒక్కటే, వర్క్‌షాపు గచ్చు మీద సుద్దముక్కతో గీసింది. ఆ వత్తిడి పైపు ఆపుతుందా అని చూసినారు, ఆపుతుంది. వంపు మీద ఆ వత్తిడి పైపును ఎట్లా మెలి తిప్పుతుందో ఎవరూ లెక్క కట్టలేదు. ఆ సమయంలో ఆ ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు కుర్చీ ఖాళీ. జూన్ 1, శనివారం, సాయంత్రం ఐదు కావస్తుండగా ఆ పైపు విడిపోయింది. సైక్లోహెక్సేన్ ఆవిరి మేఘంలా లేచి అంటుకుంది. 28 మంది పోయినారు. కంట్రోల్ రూములో ఉన్న 18 మందిలో ఒక్కడూ మిగల్లేదు. శనివారం కాకుంటే వందల్లో పోయేవాళ్ళు.

అదే సుద్దముక్క పని నేనూ ఎన్నోసార్లు చేసినా. మేస్త్రీలందరం చేసినాం. గచ్చు మీద గీసి, ఆ కొలతకి కోసి, అతికేసి, భలే కుదిరిందని చంకలు గుద్దుకున్నాం. ఆ కథ విన్న రోజు నుంచి లెక్క రాని గీతకి నేను పైపు కోయలేదు.

ఇంకొకటి, 2005 జూలైది. అమెరికాలో టెక్సస్ సిటీ రిఫైనరీ. మరమ్మతులప్పుడు మూడు ఎల్బోలు, అంటే పైపు వంపు ముక్కలు, విప్పి మళ్ళీ బిగించినారు. ఒకటి మామూలు ఉక్కుది, రెండు క్రోమియం కలిసినవి. చూసేదానికి అచ్చం కవల పిల్లలే. మామూలుది పోయి క్రోమియం ఎల్బో ఉండాల్సిన చోట కూర్చుంది. లోపల వేడి హైడ్రోజన్. అది మామూలు ఉక్కులో దూరి లోపలి కార్బన్‌ను తినేస్తుంది. కొద్ది నెలలకే ఎల్బో పగిలి నిప్పంటుకుంది. సరుకు మంచిదే, కోడులో ఉండేదే, కాగితం కూడా ఉండేదే. ఉండాల్సిన చోట లేదు. ఇప్పుడు తుపాకీ లాంటి యంత్రం వచ్చింది గదా, లోహం మీద ఆనించి నొక్కితే క్రోమియం ఎంత, నికెల్ ఎంత చెప్పేస్తుంది. మా కాలంలో సానరాయి నిప్పురవ్వలే.

నగరం అనే ఊరి సంగతి చెప్పాలంటే నాకు గొంతు రాదు. కోనసీమలో, మామిడికుదురు పక్క ఊరు. నేను ఆ దిక్కు పనికి పోయినప్పుడు ఆ కొబ్బరి తోటల కింద నడిచినా. 2014 జూన్ 27, తెల్లారుజాము. ఇట్లాంటి వేళే. ఊరి పక్కగా పోయే 18 అంగుళాల గ్యాస్ లైనుకు చిల్లి పడి, గ్యాస్ నేల బారున పరుచుకుంది. పొద్దున నిప్పు తగిలింది. ఇండ్లు, చెట్లు, నిద్రలో ఉన్న మనుషులు. 20 మందికి పైగా పోయినారు, పసిపిల్లలు కూడా. తర్వాత తేలింది ఏమంటే, ఆ లైను పొడి గ్యాస్ కోసం వేసింది. దాంట్లో నీళ్ళు కలిసిన తడి గ్యాస్ పంపినారు. ఆ తడి అడుగున నిలిచి ఉక్కును లోపలి నుంచి తినేసింది. పైపు మారలేదు, లోపల పోయేది మారింది. పొడి గ్యాస్‌కి సరిపోయే ఉక్కు తడి గ్యాస్‌కి పనికిరాని సరుకయింది. అందుకే పైపు పుట్టుకతో పాటు దాంట్లో ఏం పోతుందో కూడా అడగమని నేను చెప్పేది.

ఖరీదైనది వేస్తే చాలనుకునే వాళ్ళు కూడా ఉంటారు. స్టెయిన్‌లెస్ వేస్తే తిరుగులేదనుకుంటారు. ఉప్పు నీళ్ళు, పైన వేడి, రెండూ కలిస్తే మామూలు 304 స్టెయిన్‌లెస్ వెంట్రుక వాసి చీలికలతో నిలువునా పోతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. రాగి చూడు, ఎంత మంచి లోహం. ఎసిటిలిన్ గ్యాస్ లైనుకి రాగి పైపు వేస్తే లోపల పేలే పదార్థం తయారవుతుంది, తట్టితే చాలు. ఐస్ ఫ్యాక్టరీ అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, అందుకే ఆడ నల్ల ఇనప పైపులే ఉంటాయి. ఒక ఐస్ ఫ్యాక్టరీలో పాత వాల్వు దొరక్క ఇత్తడి వాల్వు బిగించబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపినా. అప్పుడు ఆ జతగాడు గుర్తుకొచ్చినాడు. నోరు విప్పినా.

తూరుపు తెల్లబడుతోంది. మంట కూడా దిగింది. చిన్నోడా, లే. రెండు పైపు రెంచీలు, ఆ పాత రబ్బరు గాలి హోసు, దానితో ఇత్తడి నిపిల్ ఉంటుంది, అవి తే. హోసు మీద అచ్చు చదువు, 20 కిలోలు అని ఉండాల, లేకుంటే అది కూడా వద్దు. పెద్దోడా, నువ్వు పోయి మెయిన్ స్విచ్చు తీసెయ్, లైను పక్కన నిలబడకుండా గోడ అవతలి నుంచి పో. ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ ఉంటుంది, దాన్ని మెల్లగా తిప్పు, ఒక్కసారిగా తెరవొద్దు. ముల్లు సున్నాకొచ్చిందని చూసినా సరే, ఇంకో రెండు నిమిషాలు ఆగు. అప్పుడు కేక వెయ్యి. నేను వచ్చి విప్పుతా.